మా రోజుల్లో గొంతు ఒక్కడికే కనపడేది

ఇప్పుడు పేషెంటు గొంతులో ఏముందో ఊరందరికీ కనపడుతోందబ్బాయ్. అదీ నా ఏడుపు. డాక్టరుకి కనపడుతుంది, నర్సమ్మకి కనపడుతుంది, స్ట్రెచర్ తోసుకొచ్చిన కుర్రాడు కూడా గుమ్మంలో నిలబడి "ఇంకాస్త కుడిపక్కకి సార్" అని సలహా ఇస్తాడు. తెర పెట్టి మరీ చూపిస్తుంటే వాడు మాత్రం ఎందుకు ఊరుకుంటాడు? మా రోజుల్లో గొంతు ఒక్కడికే కనపడేది. ఆ ఒక్కడు మత్తు డాక్టరు. వంగి, ఒక కన్ను మూసి, లోపలికి చూసి "కార్డ్స్ కనపడ్డాయి" అన్నాడంటే కనపడ్డట్టే. అవతలివాడు సర్జన్ కానీ, కలెక్టర్ కానీ, నోరు మూసుకుని నమ్మాల్సిందే. మా వృత్తికి ఉన్న గౌరవమంతా ఆ మూడంగుళాల చీకట్లోనే ఉండేది. అందులోకి ఇప్పుడు కెమెరా పెట్టారు.

డాక్టరు చదువు చదవనివాళ్లకి రెండు ముక్కల్లో సంగతి చెప్పి మళ్లీ నా గోలలో పడతాను. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి తనంతట తాను తీసుకోలేకపోయినా, గాలి పోయే దారిలోకి ఒక గొట్టం దించి, దాన్ని బ్యాగుకో మెషీనుకో తగిలించి మేం ఊపిరి పోస్తాం. దాన్ని ఇంట్యుబేషన్ అంటారు, వార్డు భాషలో ట్యూబెయ్యడం. నాలుక వెనకాల గాలి దారి, అన్నం దారి ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. గాలి దారి మొదట్లో తెల్లగా రెండు స్వరతంతువులు, మేం కార్డ్స్ అనేవి ఇవే, వాటి పైన మూత మాదిరి ఎపిగ్లాటిస్. గొట్టం ఆ రెండు తంతువుల మధ్య నుంచే పోవాలి. వెనకదాంట్లో పడిందా, ఊపిరితిత్తులకి పోవాల్సిన గాలి పొట్టలోకి పోతుంది, మనిషి నీలంగా మారిపోతాడు. ఆపరేషన్ కోసం పరగడుపున వచ్చినవాడికైతే తాపీగా చూసుకోవచ్చు. ఎమర్జెన్సీలో వచ్చేవాడు కడుపునిండా తిని వస్తాడు. వాంతి గొంతులోకి ఎగదన్నుతుంటుంది, ఆక్సిజన్ పడిపోతుంటుంది, తలుపవతల చుట్టాలు రాగాలు తీస్తుంటారు. మొదటిసారికే పడాలి. రెండోసారి, మూడోసారి అని కెలికినకొద్దీ గొంతు వాస్తుంది, రక్తం చిమ్ముతుంది, గుండె ఆగిపోయే ప్రమాదం పెరుగుతుంది.

ఆ తంతువుల్ని చూడ్డానికి మాకున్నది లారింగోస్కోపు ఒక్కటే. స్టీలుది. టార్చిలైటు సెల్లులు రెండు పట్టే హ్యాండిలు, దానికి తగిలించే వంపు బ్లేడు, కొసకి దగ్గర్లో జొన్నగింజంత బల్బు. బ్లేడు విప్పితే లైటు వెలగాలి. వెలక్కపోతే హ్యాండిలు అడుగున అరచేత్తో ఒక్కటివ్వాలి. అప్పటికీ వెలక్కపోతే బల్బు వదులైందన్నమాట, గోటితో తిప్పి బిగించాలి. బిగించకుండా లోపలికి పెట్టావా, అది ఊడి పేషెంటు గొంతులో పడుతుంది, ఇక దాన్ని వెతుక్కోవడం ఇంకో ఎమర్జెన్సీ. సెల్లులు అయిపోతే బస్టాండు ఎదురు కిరాణా కొట్టుకి మనిషిని పంపితే అయిదు నిమిషాల్లో తెచ్చేవాడు. మరి కెమెరా ఉన్న మీ వీడియో స్కోపుకో? ఛార్జింగు పెట్టాలి. తీరా పేషెంటు వచ్చేసరికి తెర మీద ఎర్ర గుర్తు వెక్కిరిస్తుంటుంది. ఎవడో పుణ్యాత్ముడు దాని ప్లగ్గు పీకి తన సెల్‌ఫోను పెట్టుకుని ఉంటాడు. అడిగితే "మీరు వాడట్లేదుగా సార్" అంటాడు.

స్కోపు పట్టుకోవడం కూడా ఒక చదువు. ఎడంచేత్తో పట్టుకుని, నోటి కుడి మూల నుంచి పోనిచ్చి, నాలుకని ఎడమ పక్కకి నెట్టి, బ్లేడు కొసని నాలుక మొదలుకీ ఎపిగ్లాటిస్‌కీ మధ్యనున్న గుంటలో పెట్టి, హ్యాండిలు ఎటు చూస్తోందో అటే ఎత్తాలి. ఎత్తాలి అన్నాను, మెలిపెట్టమనలేదు. మణికట్టు తిప్పి పై పళ్ల మీద ఆనించి లేపావా, ముందు పన్ను చేతికొస్తుంది. మెలకువొచ్చాక పేషెంటు ప్రాణం దక్కిందని దణ్ణం పెట్టడు, పన్నేదీ అని అడుగుతాడు.

దీనికంతటికీ ముందు తలకింద దుప్పటి మడత ఉండాలి. మెడ ముందుకి రావాలి, తల వెనక్కి వాలాలి. లావుపాటి మనిషైతే భుజాల కింద నుంచి ఎత్తు పెంచుకుంటూ పోవాలి, చెవి రంధ్రం రొమ్ముటెముక పైఅంచుకి సమానంగా వచ్చేదాకా. మా ప్రొఫెసరుగారు థియేటర్లోకి వస్తూనే మా చేతిలో స్కోపు వంక చూసేవారు కాదు, దిండు వంక చూసేవారు. అది సరిగ్గా లేకపోతే మారుమాట లేకుండా స్కోపు లాక్కునేవారు. ఇప్పుడు కెమెరాకి వంకర దారిలోనూ కనపడుతుంది గనక దిండు గొడవ ఎవరికీ పట్టడం లేదు. బల్లపరుపుగా పడుకోబెట్టేసి, కెమెరా దూర్చేసి, "వ్యూ బ్రహ్మాండంగా ఉంది సార్" అంటారు. బ్రహ్మాండంగానే ఉంటుందయ్యా, చూసి ఇంటికి పోడానికి ఇదేమన్నా సెకండ్ షోనా? గొట్టం వెయ్యవేం?

వెయ్యలేడు. బాగా వంపు తిరిగిన బ్లేడున్న వీడియో స్కోపులతో వచ్చే తిరకాసే అది. వంటింటి కిటికీలోంచి చూస్తే పక్కింటివాళ్ల పెరట్లో జామకాయ దోరగా, నిగనిగలాడుతూ కనపడుతుంది. చెయ్యి చాపితే అందదు. వీధిలోకొచ్చి, సందు తిరిగి, వాళ్ల గేటు తీసుకుని, కుక్క ఉంటే దాన్ని బుజ్జగించి వెళ్లాలి. మా పాత పద్ధతిలో కన్ను ఎటు చూస్తే గొట్టం తిన్నగా అటే పోతుంది. చూడ్డం కష్టం, చూశాక వెయ్యడం తేలిక. మీ పద్ధతిలో చూడ్డం తేలిక, చూశాక అసలు కష్టం మొదలవుతుంది. గొట్టంలోకి స్టైలెట్ అనే గట్టి తీగ పెట్టి దాన్ని బ్లేడు వంపుకే వంచాలి, లోపలికెళ్లాక మెల్లగా తీగ లాగుతూ గొట్టం ముందుకి జరపాలి. పైగా కళ్లన్నీ తెర మీదే ఉంటే నోట్లో గొట్టం కొస ఎక్కడ పొడుస్తోందో చూసేదెవరు? అంగిలికి చిల్లు పడిన కేసులు పుస్తకాలకెక్కాయి. ముందు నోట్లోకి చూడు, తర్వాత తెర చూడు, మళ్లీ నోట్లోకి చూసి గొట్టం పెట్టు, మళ్లీ తెర చూడు అని నేర్పుతారట ఇప్పుడు. ఇన్నిసార్లు తల తిప్పేబదులు మొదటే వంగి చూస్తే పోలా?

మా నందిగామ, జగ్గయ్యపేటల్లో నర్సింగ్‌హోముకో మత్తు డాక్టరు ఉండే రోజులు కావవి. అన్నిటికీ ఒక్కడే. చేతక్ స్కూటరు, ముందు కాళ్ల దగ్గర రెక్సిన్ బ్యాగు. అందులో స్కోపు, బ్లేడ్లు, అంబూ బ్యాగు, మ్యాగిల్ పటకారు, ఎట్రోపిను, ఎర్ర రబ్బరు గొట్టాలు. కండరాల్ని వదులుచేసే స్కోలిన్ ఇంజెక్షను చల్లగా ఉండాలి, అందుకని కాఫీ ఫ్లాస్కులో ఐసు ముక్కలేసి దాన్ని పెట్టేవాణ్ణి. మే నెలలో మా మెట్టప్రాంతం ఎండకి తారు రోడ్డు కరిగి టైర్లకి అంటుకునేది. ఐసు మాత్రం పేట చేరేదాకా నిలిచేది. ఇప్పటి ఫ్లాస్కుల్లో కాఫీ కూడా నిలవదు. ఆ రబ్బరు గొట్టాలు ఒకసారి వాడి పారెయ్యడమన్న మాటే లేదు. కడిగి, మందునీళ్లలో నానేసి, ఆరబెట్టి, మళ్లీ వాడేవాళ్లం. మా మనవరాలు, అది కూడా మెడిసినే చదువుతోందిలే, ఈ మాట విని "ఇన్ఫెక్షన్లు వచ్చేవి కాదా తాతయ్యా?" అని అడిగింది. వచ్చే ఉంటాయి. మేం వాటిని జ్వరం అనేవాళ్లం.

వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ శాతం చెప్పే పెట్టె ఎక్కడిది అప్పుడు! ఒక చెయ్యి నాడి మీద, ఒక కన్ను చెవితమ్మె మీద, ఇంకో కన్ను గోళ్ల మీద. రక్తం నల్లబడుతోందని సర్జన్ అరిచాడంటే అదే మా అలారం. మనిషిని చూసి వైద్యం చేసేవాళ్లం, పెట్టెని చూసి కాదు. కరెంటు పోయి చార్జింగ్ లైటు పెడితే ఆ పాడు వెలుగులో నిక్షేపంలాంటి నర్సు పెదాలు కూడా నీలంగానే కనపడేవి, అది వేరే సంగతి.

108 కూడా లేదు. అది మొదలైంది 2005 ఆగస్టు 15న. అంతకుముందు లారీ ఆపి ఎక్కించేవాళ్లు, లేకపోతే ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి తెచ్చేవాళ్లు. పెనుగంచిప్రోలు తిరునాళ్ల రోజుల్లో ఆ ట్రాక్టర్ల కింద పడినవాళ్లని ఇంకో ట్రాక్టర్లో తెచ్చేవాళ్లు. మరీ సీరియస్ అయినవాళ్లు దారిలోనే పోయేవాళ్లు. గట్టిపిండాలే మా దాకా వచ్చేవి, వచ్చినవాళ్లు చాలావరకు బతికేవాళ్లు. "డాక్టరుగారి హస్తవాసి మంచిది" అని మాకు పేరొచ్చింది. ఇప్పుడు అంబులెన్సువాడు కొనఊపిరితో ఉన్నవాణ్ణి కూడా ఇరవై నిమిషాల్లో తెచ్చి పడేస్తున్నాడు. ఇక పేరేం నిలుస్తుంది?

ఈ కెమెరా మీద కోపంతో ఒక రోజు లారింగోస్కోపు చరిత్ర తిరగేశాను, మా పద్ధతే ఆదినుంచీ ఉన్నదని నిరూపిద్దామని. తీరా చూస్తే బతికున్న మనిషి గొంతులో తంతువులు ఎట్లా కదులుతాయో మొదట వివరంగా చూసి చెప్పింది డాక్టరే కాదు, పాటల మేష్టారు. మాన్యుయెల్ గార్సియా అని, స్పెయిన్ మనిషి, లండన్‌లో సంగీతం నేర్పేవాడు. 1854లో, పాడేటప్పుడు లోపల ఏం జరుగుతోందో చూడాలన్న తపనతో, పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం గొంతు వెనక పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండని దాని మీదకి మళ్లించి, తన తంతువుల్ని తనే చూసుకున్నాడు. నూటొక్కేళ్లు బతికాడు కూడాను. అద్దం లేకుండా తిన్నగా చూడ్డమన్నది 1895లో బెర్లిన్‌లో ఆల్ఫ్రెడ్ కిర్‌స్టైన్ మొదలెట్టాడు. మేం ప్రాణంగా చూసుకునే వంపు బ్లేడు 1943 నాటిది. ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ మాకింటోష్ ఒక టాన్సిల్ కేసులో నోరు తెరిచి ఉంచే పరికరం పెడుతుంటే తంతువులు వాటంతటవే ఎదురుగా కనపడ్డాయట. వెంటనే తన టెక్నీషియన్‌ని పిలిచి ఆ పద్ధతిలోనే బ్లేడు చేయించాడు. అంటే అర్థమైందా? చాటు నుంచి పరోక్షంగా చూడ్డమే పాత సంప్రదాయం, నాది మధ్యలో వచ్చిన ఫ్యాషన్. పుస్తకం మూసి అటకెక్కించాను. ఈ వయసులో చరిత్ర చదవకూడదు, బీపీ పెరుగుతుంది.

ఇంకో పేజీలో ఇంకా మంట. 2001లో గ్లైడ్‌స్కోప్ పేరుతో వీడియో స్కోపుని బజార్లోకి తెచ్చిన జాన్ పేసీ, కెనడాలో వాంకూవర్ ఆయన, ఏం డాక్టరో తెలుసా? సర్జన్! జీవితమంతా మా నెత్తిన నిలబడి "ఏమయ్యా, ఇంకా ఎంతసేపు?" అని గడియారం చూసుకునే జాతి. వాళ్లకి మా చీకట్లో ఏముందో చూడాలని ఎప్పట్నుంచో దుగ్ధ. చూశారు.

మనవాడి సంగతి మాత్రం చెప్పి తీరాలి. డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావుగారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి, బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్లో మత్తు డాక్టరుగా చేశారు. 1985లో 210 మంది పేషెంట్లని పరీక్షించి ఒక మాట చెప్పారు. మెషీను లేదు, తెర లేదు, కరెంటు అక్కర్లేదు. పేషెంటుని కూర్చోబెట్టి, నోరు బార్లా తెరిచి నాలుక చాపమను. కొండనాలుక, దాని పక్క అంచులు నిండుగా కనపడితే గొట్టం తేలిగ్గా పడుతుంది. నాలుక అడ్డమొచ్చి అవేవీ కనపడలేదా, ముందే జాగ్రత్తపడు. ఆయన మూడు తరగతులు పెడితే 1987లో ఇంగ్లండువాళ్లు నాలుగోది కలిపారు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల ఆపరేషన్‌కి వెళ్లినా "నోరు తెరవండి, నాలుక చాపండి" అనడం, కేస్‌షీట్ మీద మన తెలుగువాడి ఇంటిపేరు రాయడం. ఆమధ్య ఒక పీజీ కుర్రాడు "మల్లంపటీ ఇటాలియనా సార్?" అన్నాడు. కృష్ణ దాటితే గుంటూరురా, వెధవాయ్, అన్నాను.

అయితే ఎమర్జెన్సీలో ఆ పరీక్షా నడవదు, అది ఒప్పుకోవాలి. మాది పత్తి, మిరప పండే నేల, ఇంటింటా పురుగుమందు డబ్బా ఉంటుంది. మోనోక్రోటోఫాస్ తాగొచ్చినవాడు నోట్లోంచి నురగ కక్కుతుంటాడు, కంటిపాప సూదిమొనంత అయిపోయి ఉంటుంది, గదంతా ఆ వాసనే. వాణ్ణి లేపి కూర్చోబెట్టి "నాయనా, కాస్త నాలుక చాపు" అని అడుగుతామా? విరుగుడుగా ఎట్రోపిను మీద ఎట్రోపిను ఎక్కిస్తూ, సక్షన్ పెట్టి నురగ లాగుతూ, కనపడిన అరక్షణంలో గొట్టం దించాలి. అది గట్టెక్కాక కూడా అయిపోలేదు. రెండో మూడో రోజున మనిషి లేచి మాట్లాడుతుంటే ఇంటికి పంపేద్దామనుకుంటారు. పంపకు. తల దిండు మీంచి ఎత్తమను. ఎత్తలేకపోయాడంటే మెడ కండరాలు పడిపోతున్నాయన్నమాట, ఊపిరి కండరాలు ఆ తర్వాతే. ట్యూబు సిద్ధం చేసుకో. కట్లపాము కాటుకైతే రెప్పలు వాలడం ముందు గుర్తు. ఈ రెండు ముక్కలూ ఏ కెమెరా చెప్పదు, రాసి పెట్టుకో.

హైవే కేసులు ఇంకో రకం. గొంతు నిండా రక్తం. కెమెరా కంటి మీద ఒక్క బొట్టు పడితే తెరంతా ఎరుపు. ఆవిరి పట్టినా అంతే, తెల్లటి పొగ తప్ప ఏమీ ఉండదు. నా కంటికి అటువంటి బాధ లేదు, సక్షన్ పెట్టి లాగి మళ్లీ చూస్తాను. కొత్తవాటిలో ఆవిరి పట్టకుండా వేడిచేసే ఏర్పాటు ఉందట, మా బ్లేడు వంపుతోనే కెమెరా అమర్చిన రకం కూడా వచ్చిందట, తెర మసకబారితే పాతపద్ధతిలో వంగి చూసుకోవచ్చట. ఇవన్నీ నేను నీకు చెప్పకూడదు, నా వాదన పలచబడుతుంది.

చేతకాకపోతే "రిఫర్ టు విజయవాడ" అని చీటీ రాసి ఎక్కించేస్తే సరిపోతుందనుకునేవాళ్లు కూడా ఉన్నారు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకి వస్తే బళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అటువంటి రోజున చీటీ ఎవరికి రాస్తావు, మున్నేరుకా? నందిగామలో ఉన్నవాడికి నందిగామలోనే గొట్టం వెయ్యడం రావాలి, చేతికి ఏది దొరికితే దాంతో.

నీకు అంకెలు కావాలంటావు. మీ తరానికి శాతం చూపిస్తేగానీ కన్నతల్లి మాట కూడా చెవికెక్కదు. సరే, ఫ్రాన్స్ ఐసీయూల్లో 371 మంది మీద పెట్టిన పరీక్ష 2017లో అచ్చయింది. మొదటిసారికే గొట్టం పడింది వీడియోతో 67.7 శాతం, మామూలు స్కోపుతో 70.3 శాతం. ప్రాణం మీదకొచ్చిన ఇబ్బందులు వీడియోవాళ్లకే ఎక్కువ. ఆ కాగితం జిరాక్సులు తీయించి తెలిసినవాళ్లందరికీ పంచాను, కాంపౌండరుకి కూడా ఒకటిచ్చాను. ఆయన మర్యాదగా జేబులో పెట్టుకున్నాడు. ఎవరితో మాట్లాడినా "ఫ్రాన్స్‌లో ఏమన్నారంటే" అని మొదలుపెట్టేవాణ్ణి.

2022లో కాక్రేన్ అనే సంస్థవాళ్లు 222 పరిశోధనలు కలిపి చూసి వీడియోతోనే గొట్టం పడకపోవడం తక్కువన్నారు. అందులో చాలావరకు ఆపరేషన్ థియేటర్లవేగా అని కొట్టిపారేశాను. 2023లో అమెరికావాళ్లు అదీ లేకుండా చేశారు. 17 ఎమర్జెన్సీ విభాగాలు, ఐసీయూల్లో 1,417 మంది. అచ్చంగా నేను చెప్పే కేసులే. మొదటిసారికి పడింది వీడియోతో 85.1 శాతం, మామూలు స్కోపుతో 70.8. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి అనుకున్నంతమందిని చేర్చుకోకుండానే ఆపేశారు. మనవరాలు ఫోన్లో చదివి వినిపించింది, కాస్త గట్టిగానే.

నేనేం తక్కువ తినలేదు. ఆ గొట్టాలు వేసినవాళ్లలో నూటికి తొంభైమంది పైగా ఇంకా నేర్చుకుంటున్న పిల్లలేనమ్మా, అన్నాను. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా కుదించుకుపోయింది. మా నందిగామ నుంచి ఒక్క ముసలాణ్ణి పిలిచారా? పిలిస్తే తెలిసేది. ఇంకోటి, గొట్టం తొందరగా పడిందన్నారు సరే, బీపీ పడిపోవడం, ఆక్సిజన్ పడిపోవడం, గుండె ఆగడం, అవి తగ్గాయా? లేదు. వీడియోతో 21.4 శాతం, మామూలుదాంతో 20.9. అక్కడే ఉంది కీలకం. ప్రమాదం గొట్టం వేసే క్షణంలో మాత్రమే లేదు, దానికి ముందున్న అయిదు నిమిషాల్లో ఉంది. మాస్కు మొహానికి అతుక్కునేలా సరిగ్గా పట్టుకున్నావా, ఆక్సిజన్ నిండా పట్టించావా, సెలైను పోతోందా, మత్తు ఎంత తగ్గించి ఇవ్వాలో ఆలోచించావా, తలకింద ఎత్తు పెట్టావా? బ్యాగు, మాస్కు పట్టుకుని ఊపిరి ఊదడం వచ్చినవాడికి గొట్టం కాస్త ఆలస్యమైనా పేషెంటు దక్కుతాడు. అది రాకుండా కెమెరా ఒకటే వచ్చినవాడి పేషెంటుని వెంకటేశ్వరస్వామి చూసుకోవాలి.

ఇదంతా ఏకబిగిన చెప్పి వాలుకుర్చీలో వెనక్కి వాలాను. "ప్రమాదాలు సమానమే అయినప్పుడు, తొందరగా పడేదే మేలు కదా తాతయ్యా?" అంది. నేను మజ్జిగ తెమ్మన్నాను.

నేర్పే సంగతిలో మాత్రం నోరెత్తలేను. మా ప్రొఫెసరుగారు వెనక నిలబడి "ఏం కనపడుతోంది?" అని గద్దించేవారు. "కార్డ్స్ సార్" అనేవాళ్లు మావాళ్లు. కనపడినవాడూ అదే అనేవాడు, కనపడనివాడూ అదే అనేవాడు. ఆయన చూడాలంటే మమ్మల్ని పక్కకి నెట్టి తను వంగాలి. గొట్టం వేశాక పొట్ట మీద స్టెత్ పెడితే గుడగుడమన్నప్పుడు తెలిసేది అసలు ఏం కనపడిందో. ఇప్పుడా నాటకం కుదరదు. మేష్టారూ తెర చూస్తారు, శిష్యుడూ తెర చూస్తాడు, "బ్లేడు కాస్త వెనక్కి లాగు, ఇప్పుడు ఎత్తు" అని చెప్తే అప్పటికప్పుడు దిద్దుకుంటాడు. మేం ఏళ్లు పట్టి తిట్లు తింటూ నేర్చుకున్నది మీరు నెలల్లో నేర్చేసుకుంటున్నారు. ఇది అన్యాయం కాదా? తిట్లు తినకుండా నేర్చుకున్న విద్య ఒంటబడుతుందా? మీ మేష్టార్లు ఒక్కరైనా స్కోపు విసిరికొట్టారా ఎప్పుడైనా? లక్షల ఖరీదు దాన్ని ఎవడు విసురుతాడులే.

2020లో కరోనా వచ్చినప్పుడు మా ఈడువాళ్లని గడప దాటొద్దని ఇంట్లో కూర్చోబెట్టారు. మా పద్ధతిలో గొట్టం వెయ్యాలంటే పేషెంటు నోటికీ మన మొహానికీ జానెడు దూరం. వాడి ఊపిరి మన మొహాన. వీడియో అయితే నిటారుగా నిలబడి, దూరంగా తెర చూస్తూ వెయ్యొచ్చు, అందుకని ప్రపంచమంతా అదే వాడమని చెప్పారు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు విజయవాడ, గుంటూరు ఐసీయూల్లో ఆ ప్లాస్టిక్ సూట్లలో ఉడికిపోతూ గొట్టాలు వేశారు. రాత్రిళ్లు వాళ్లకి ఫోన్ చేసి "ఏరా, కెమెరాతోనేగా వేస్తున్నావ్? వంగలేదుగా?" అని అడిగేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు. ఆ రెండేళ్లు నేను ఫ్రాన్స్ ఊసెత్తలేదు.

ఇక నా సొంత గొంతు గురించి. మొన్న అద్దం ముందు నిలబడి నోరు తెరిచి నాలుక చాపి చూసుకున్నాను. మల్లంపాటి లెక్కన మూడో తరగతి, కళ్లజోడు తీసి చూస్తే నాలుగు. మెడ పొట్టి, ఒళ్లు భారం, షుగరుంది, పైన మిగిలిన పళ్లు కదులుతున్నాయి. ఏదో ఒక రాత్రి నన్ను ఎక్కించుకుని మీ క్యాజువాలిటీకి తెస్తారు. అప్పుడు ముసలాయన పాత కాలం మనిషి, ఆయనకి మర్యాదగా స్టీలు స్కోపు వాడదామని ఎవరన్నా పిచ్చి వేషాలేస్తే ఊరుకోను. తలకింద దుప్పటి మడతపెట్టి, ఆక్సిజన్ నిండా పట్టించి, ఛార్జింగున్న కెమెరా తెచ్చి పెట్టు. నర్సమ్మ చూడనీ, స్ట్రెచర్ కుర్రాడు చూడనీ, కుడిపక్కకి అంటే కుడిపక్కకే పో. తెర మాత్రం మా ఆవిడ నిలబడ్డ వైపు తిప్పకు. సిగరెట్లు మానేశానని ఆవిడతో చెప్పి చాలా ఏళ్లయింది.